తవుడు పోయి మొక్కజొన్న వచ్చాక: డెల్టాలో చిన్న గుడ్ల ఫారాల నేపథ్యం

గోదావరి డెల్టాలో గుడ్ల ఫారానికి పునాది వేసింది వడ్ల మిల్లే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువల కింద వరి విస్తరించిన ప్రాంతంలో, తర్వాతి కాలంలో మిల్లులు పెరిగిన కొద్దీ తవుడు, నూకలు చవగ్గా దొరికాయి. అప్పటికి గుడ్డంటే పెరటి సరుకు. రాత్రి గంప కింద మూసిన నాలుగు పెట్టలు, ముంగిస భయం, ఏటా ఏదో ఒక నెలలో వచ్చి సగం కోళ్లను ఊడ్చుకుపోయే కొక్కెర తెగులు, ఇంతే దాని లెక్క.

1971లో కోడిపిల్లలను పొదిగించి అమ్మే వెంకటేశ్వర హేచరీస్ సంస్థ మొదలై, ఎక్కువ గుడ్లు పెట్టే సంకర జాతి పిల్లలు పల్లెలకు చేరాక అనపర్తి, మండపేట, తణుకు పరిసరాల్లో వరి రైతులే షెడ్లు వేశారు. ధర మాత్రం వ్యాపారి చేతిలోనే ఉండేది. ఆ పట్టు విడిపించడానికే 1982లో ఆ హేచరీస్ స్థాపకుడు డాక్టర్ బి.వి. రావు చొరవతో జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ, అంటే ఎన్‌ఈసీసీ, ఏర్పడి రోజువారీ రేటు ప్రకటించడం ఆరంభించింది. రైతుకు అది నిజంగానే అండ. అయితే ఇక్కడి గుడ్డు కోల్‌కతాకు, ఈశాన్య రాష్ట్రాలకు లారీల్లో వెళ్లే సరుకు కావడంతో, అక్కడ గిరాకీ తగ్గితే ఇక్కడ రేటు దిగుతుంది.

అయిదు వేల కోళ్ల ఫారాన్నే తీసుకుందాం. తెల్లవారి ట్రేల్లోకి ఏరిన గుడ్లలో పగిలినవి పక్కన పెడితే, నూటికి ఎనభై అయిదు వంతున పెట్టినా రోజుకు నాలుగు వేల పైచిలుకు మిగులుతాయి. 210 గుడ్ల పెట్టెలుగా కడితే ఇరవై. వీటితో లారీ నిండదు కనుక, కాగితం మీద రేటు ఎంతున్నా, ఊళ్లోకి వచ్చే వ్యాపారి కోత వేసి ఇచ్చిందే చివరికి రైతు చేతికొస్తుంది. కోడికి 110 గ్రాముల చొప్పున రోజుకు 550 కిలోల మేత కావాలి. కిలోకు రూపాయి పెరిగితే రోజుకు 550 రూపాయలు అదనం. గుడ్ల కోసం పెంచే లేయర్ కోడికి తవుడు, నూకలు చాలవు, మొక్కజొన్న, సోయా చెక్క తప్పవు. మొక్కజొన్నకు ఇప్పుడు ఇథనాల్ కర్మాగారాలు కూడా పోటీ కొనుగోలుదారులే. మిల్లు పక్కన ఉండటం వల్ల కలిగిన లాభం ఆ విధంగా చాలావరకు కరిగిపోయింది.

నా దృష్టిలో చిన్న రైతును రేటు కన్నా ఎక్కువగా దెబ్బతీసేది బ్యాచ్ మార్పిడి, అంటే పాత కోళ్లను తీసేసి కొత్తవి దింపడం. పిల్ల గుడ్డు పెట్టడానికి 18 నుంచి 20 వారాలు పడుతుంది. పెద్ద ఫారంలో వేర్వేరు వయసుల బ్యాచ్‌లు ఉంటాయి కాబట్టి ఏదో ఒక షెడ్డు ఆదాయం ఇస్తూనే ఉంటుంది. ఒక్క షెడ్డున్నవాడు పాత కోళ్లను అమ్మేశాక, కొత్త పిల్లలకు నాలుగు నెలలకు పైగా మేత ఖర్చే భరించాలి, లేదా ఎదిగిన పెట్టలను ఎక్కువ ధరకు కొనుక్కోవాలి.

ఇలాంటి ఇంటికి 2025 ఫిబ్రవరి మరీ భారమైంది. తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ కాగానే కిలోమీటరు పరిధిని రెడ్ జోన్‌గా, పది కిలోమీటర్ల వరకు నిఘా ప్రాంతంగా ప్రకటించారు. తెగులు తాకని షెడ్డులోనూ గుడ్లు కదలక ట్రేలు పేరుకుంటే, కోళ్లు మాత్రం రోజూ మేత తింటూనే ఉంటాయి. అప్పు మిగిలిన రైతు పాత బ్యాచ్‌ను తోలేశాక మళ్లీ పిల్లలను దింపడానికి వెనకాడతాడు. తుప్పు పట్టిన కోళ్ల బోనులను ఒక మూలకు నెట్టి, ఆ షెడ్డులో కొబ్బరికాయలో, ఎండుగడ్డో వేసుకుంటాడు.