ఒపెరాకి ఏం వేసుకోవాలి, భోజనం ఎప్పుడు చేయాలి: హాల్లో దీపాలు ఆర్పిన నాటి నుంచి నడుస్తున్న కథ

2025 జులైలో ఇటలీలోని మిలాన్ నగరంలో లా స్కాలా ఒపెరా హౌస్ (ఒపెరా అంటే కథంతా పాటలతో నడిచే యూరప్ సంగీత నాటకం) ఒక పాత నిబంధనను ప్రేక్షకులకు మళ్లీ గట్టిగా గుర్తు చేసింది. నిక్కర్లు, చేతుల్లేని బనియన్లు, హవాయి చెప్పులతో వస్తే లోపలికి రానివ్వరు. టికెట్ డబ్బులు కూడా తిరిగి ఇవ్వరు. వేసవిలో టూరిస్టులు అలా వచ్చేస్తున్నారని ఈ జాగ్రత్త. మరోపక్క న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపెరా, లండన్‌లోని రాయల్ ఒపెరా హౌస్ తమకు డ్రెస్ కోడ్ అంటూ ఏమీ లేదని, సౌకర్యంగా ఉన్నవి వేసుకుని రమ్మని చెబుతాయి.

అయినా ఒపెరా టికెట్ మొదటిసారి చేతికొచ్చిన వాళ్లకి టెన్షన్ తప్పదు. లండన్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన వాళ్లైతే పట్టుచీర కట్టుకోవచ్చా, సూట్ తప్పనిసరా, మూడు నాలుగు గంటల ప్రదర్శన కదా తిండి సంగతేంటి అని తెలిసిన వాళ్లందరినీ అడుగుతారు. పాట గురించి అడిగే ప్రశ్నల కంటే బట్టల గురించి అడిగేవే ఎక్కువ. ఈ భయం పాటలోంచి పుట్టలేదు. హాలు ఎవరి సొత్తు, హాల్లో వెలుగు ఎంత అన్న రెండు విషయాల్లోంచి పుట్టింది. భోజనం కథ కూడా అక్కడిదే.

టికెట్ కొన్న ఎవరికైనా ఒపెరా చూపించిన మొదటి థియేటర్ వెనిస్‌లోని సాన్ కసియానో. 1637లో తెరిచారు. అంతకు ముందు ఒపెరా అంటే రాజుల, ప్రభువుల ఇళ్లలో పెళ్లిళ్లకీ పండగలకీ జరిగే వేడుక. వెనిస్‌లో టికెట్ అమ్మకం మొదలైనా థియేటర్ ఖర్చులో పెద్ద భాగం భరించింది ధనిక కుటుంబాలే. వాళ్లు బాక్సులను, అంటే హాలు చుట్టూ అంతస్తులుగా ఉండే చిన్న గదుల్లాంటి సీట్లను, ఏళ్ల తరబడి అద్దెకు తీసుకునేవారు. అవి చాలాసార్లు తండ్రి నుంచి కొడుక్కి సంక్రమించేవి. బాక్స్ అంటే ఆ ఇంటికి మరో డ్రాయింగ్ రూమ్. అక్కడికి చుట్టాలు వస్తారు, సంబంధాలు మాట్లాడుకుంటారు, పేకాడతారు, భోంచేస్తారు.

1778 ఆగస్టు 3న తెరిచిన లా స్కాలాలోనూ ఇదే పద్ధతి. బాక్సులు కుటుంబాల సొంత ఆస్తి, లోపల అలంకరణ వాళ్ల ఇష్టం. నడవాకి అటువైపు చిన్న గదులుండేవి, నౌకర్లు అక్కడ ఉండి తినేవీ తాగేవీ అందించేవారు. 19వ శతాబ్దం మొదట్లో లా స్కాలా ఆవరణలో జూదశాల నడిపి డొమెనికో బార్బాయా బాగా సంపాదించాడు. తర్వాత నేపుల్స్‌లో పెద్ద ఒపెరా నిర్వాహకుడయ్యాడు. కాఫీ, చాక్లెట్, పాలమీగడ కలిపిన బర్బజాదా అనే పానీయానికి ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. ఆ రోజుల ఒపెరాలో తిండికి ఎంత చోటుందో ఇంకో సంగతి వల్ల కూడా తెలుస్తుంది. చిన్న పాత్రధారి పాడే ఒక పాట ఉండేది. దాన్ని 'షర్బత్ పాట' అనేవారు. అది మొదలవగానే జనం లేచి ఐస్ షర్బత్ కొనుక్కునేవారు. ఆ పాట రాసిన వాళ్లకి, పాడిన వాళ్లకి ఆ విషయం ముందే తెలుసు.

ఇదంతా సాధ్యమైంది హాల్లో వెలుగు ఉండబట్టే. వందల కొవ్వొత్తులు, నూనె దీపాలు వెలిగించాక ప్రదర్శన మధ్యలో ఆర్పడం కుదరని పని. వేదిక ఎంత కనబడుతుందో ఎదుటి బాక్సులోని నగలూ అంతే కనబడతాయి. కాబట్టి బట్టలు కూడా ఆ రాత్రి ప్రదర్శనలో భాగమే. ఎవరు ఏం కట్టుకొచ్చారు, ఎవరి పక్కన కూర్చున్నారు అని మర్నాడు ఊరంతా చెప్పుకునేవారు. ఆడవాళ్ల మోచేయి దాటే తెల్లటి గ్లవ్స్‌కి, చేతిలో పట్టుకునే చిన్న దుర్భిణికి, మడిచి చంకలో పెట్టుకోగలిగే మగవాళ్ల పొడవాటి టోపీకి ఒపెరా పేరే స్థిరపడింది.

భోజనం వేళ ఒపెరాని ఎలా శాసించిందో చూడాలంటే 1861 పారిస్ సంఘటన చాలు. మూడో నెపోలియన్ ఆదేశంతో పారిస్ ఒపెరాలో జర్మన్ స్వరకర్త వాగ్నర్ ఒపెరా 'టాన్‌హాయిజర్' వేయించారు. పారిస్ ఆనవాయితీ ప్రకారం అందులో బ్యాలే ఉండాలి, అదీ రెండో అంకంలోనే ఉండాలి. కారణం జాకీ క్లబ్. ఆ క్లబ్బులోని శ్రీమంతులు తీరిగ్గా భోంచేసి, మొదటి అంకం అయ్యాక వచ్చేవారు. వాళ్లు వచ్చేది నాట్యం చేసే అమ్మాయిల కోసం. వాగ్నర్ కథకి సరిపోతుందని బ్యాలేని మొదటి అంకంలోనే పెట్టాడు. వాళ్లు భోంచేసి వచ్చేసరికి డాన్సు అయిపోయింది. ఈలలు తెచ్చి ఊదారు, కేకలు పెట్టారు, పాట వినబడనివ్వలేదు. నూట అరవైకి పైగా రిహార్సల్స్ చేసిన ఒపెరా మూడు ప్రదర్శనలతో ఆగిపోయింది. కొందరి డిన్నర్ టైమ్ కోసం అంత మంది శ్రమ మట్టిలో కలిసింది. ఈ ఘట్టం గురించి చదివినప్పుడల్లా నాకు ఆ గాయకుల మీద జాలి కలుగుతుంది.

పదిహేనేళ్లకి, 1876లో వాగ్నర్ జర్మనీలోని బాయ్‌రాయిట్‌లో తన సొంత థియేటర్ తెరిచాడు. అక్కడ పక్కల బాక్సులు లేవు, అందరూ వేదిక వైపే చూస్తూ కూర్చోవాలి. హాలు చీకటి. తిండి అంకాల మధ్య, గంటసేపు ఇచ్చే విరామాల్లో, థియేటర్ బయట. సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టి మధ్యలో భోజనానికి వదిలే ఆ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. ఇంతలో కరెంటు వచ్చింది. 1881లో లండన్ సవాయ్ థియేటర్, 1883లో లా స్కాలా విద్యుద్దీపాలు పెట్టుకున్నాయి. స్విచ్ నొక్కితే హాలంతా చీకటి చేయవచ్చు. 1898లో లా స్కాలా పగ్గాలు పట్టిన ఆర్కెస్ట్రా కండక్టర్ టోస్కనీని హాల్లో దీపాలు ఆర్పించాడు, ఆడవాళ్లు టోపీలు తీసి కూర్చోవాలన్నాడు, పాడిన పాట మళ్లీ పాడమనే కేకలు కుదరవన్నాడు. పద్యనాటకాల్లో 'వన్స్ మోర్' కొట్టి ఒకే పద్యాన్ని మూడుసార్లు పాడించుకున్న మన ఊళ్లకి ఈ చివరి నిబంధన ఎంత కఠినమో తెలుస్తుంది.

చీకటి పడ్డాక రెండు మార్పులు వచ్చాయి. బట్టలు చూపించుకునే చోటు హాల్లోంచి మెట్ల మీదకీ, లాబీలోకీ మారింది. 1875లో తెరిచిన పారిస్ పాలె గార్నియేలో ఆ పాలరాతి మెట్లు, బాల్కనీలు చూస్తే, ఎక్కేవాళ్లని అందరూ చూడటానికే కట్టారని అర్థమవుతుంది. రెండోది, భోజనం థియేటర్ దాటి వీధిలోకి వచ్చింది. వియన్నాలో ఒపెరా హౌస్ వెనకే 1876లో హోటల్ సాఖర్ వెలిసింది. లండన్‌లో సవాయ్ థియేటర్ యజమాని రిచర్డ్ డోయ్లీ కార్ట్ 1889లో పక్కనే సవాయ్ హోటల్ కట్టి, సెజార్ రిట్జ్‌ని మేనేజర్‌గా, ఎస్కోఫియేని వంటశాలకి అధిపతిగా తెచ్చాడు. నాటకం అయ్యాక రాత్రి పొద్దుపోయి చేసే సప్పర్ అక్కడ ఫ్యాషన్ అయింది. మర్యాదస్తుల ఇళ్ల ఆడవాళ్లు హోటల్లో నలుగురిలో కూర్చుని భోంచేయడం అప్పటికి కొత్త. వాళ్లకి ఆ వీలు ఇచ్చిన చోట్లలో ఇది ముఖ్యమైంది. పీచ్ మెల్బా పుట్టింది ఇక్కడే. కోవెంట్ గార్డెన్‌లో, అంటే రాయల్ ఒపెరా హౌస్‌లో, వాగ్నర్ 'లోహెన్‌గ్రిన్' పాడిన నెల్లీ మెల్బా గౌరవార్థం ఎస్కోఫియే మంచుగడ్డతో హంసను చెక్కించి, దాని రెక్కల మధ్య వెనిలా ఐస్‌క్రీమ్, పీచ్ పండ్లు పెట్టి పంపాడు. ఆ ఒపెరాలో నాయకుడు ఒక హంస లాక్కొచ్చే పడవలో వస్తాడు, అందుకే హంస. కోరిందపండు గుజ్జు తర్వాత చేరింది.

డ్రెస్ కోడ్ మాత్రం చీకట్లోనూ పోలేదు, ఇంకా బిగుసుకుంది. 1883లో న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ ఒపెరా (మెట్) పుట్టిందే బాక్సుల తగాదాతో. పాత అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో బాక్సులు పాత కుటుంబాలవి, ఎంత డబ్బు పెట్టినా కొత్త శ్రీమంతులకి దొరకలేదు. దాంతో వాండర్‌బిల్ట్‌ల వంటి వాళ్లు కలిసి తమకే ఒక ఒపెరా హౌస్ కట్టుకున్నారు. అక్కడి బాక్సుల వరసకి 'వజ్రాల లాడం' అని పేరొచ్చింది. లండన్ కోవెంట్ గార్డెన్‌లో మగవాళ్లకి నల్ల కోటు, తెల్ల షర్టు రూలు. 1905 జులైలో బెర్నార్డ్ షా దీని మీద 'టైమ్స్' పత్రికకి ఉత్తరం రాశాడు. రూలు ప్రకారం తయారై వెళ్తే, ముందు సీట్లోని ఆవిడ తల మీద చచ్చిన పెద్ద తెల్లపక్షి కనబడింది. ఆయనకి కడుపులో తిప్పి బయటికి వచ్చేశాడు. నేను మెడలో చచ్చిన పాము వేసుకుని వస్తే రానిస్తారా, మరి రూలు మగవాళ్లకేనా అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే.

ఈ కట్టుదిట్టాన్ని కదిలించింది యుద్ధం, ఆ తర్వాత ప్రభుత్వ నిధులు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కోవెంట్ గార్డెన్ డాన్స్ హాలుగా నడిచింది. బ్రిటన్‌లో బట్టలకి రేషన్. 1946లో అది ప్రజల డబ్బుతో మళ్లీ తెరుచుకుంది. పన్ను కట్టేవాడి డబ్బుతో నడిచే హాలు అతని చొక్కా చూసి గేటు మూయలేదు. ఇటలీలో ఆ కోపం వీధికెక్కింది. లా స్కాలా సీజన్ ఏటా డిసెంబర్ 7న మొదలవుతుంది, ఆ రాత్రి మింకు కోట్లు, నగలు చూడ్డానికే జనం మూగుతారు. 1968లో ఆ తేదీకి ఐదు రోజుల ముందు సిసిలీలోని అవోలాలో సమ్మెలో ఉన్న ఇద్దరు వ్యవసాయ కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. మారియో కపాన్నా నాయకత్వంలో విద్యార్థులు లా స్కాలా ముందు ఆ ఖరీదైన కోట్ల మీద కోడిగుడ్లు విసిరారు.

పూర్తిగా వేరే ఆలోచనతో డ్రెస్ కోడ్ నిలబెట్టినవాడు జాన్ క్రిస్టీ. 1934 మే 28న ఇంగ్లాండ్‌లోని ససెక్స్‌లో, తన ఇంటి ఆవరణలో గ్లైండ్‌బోర్న్ ఒపెరా మొదలుపెట్టాడు. ఆయన భార్య ఆడ్రీ మిల్డ్‌మే గాయని. అంత శ్రమపడి పాడే కళాకారుల కోసం ప్రేక్షకులు కూడా కాస్త శ్రమ తీసుకుని తయారై రావాలన్నది ఆయన వాదన. అందుకే లండన్ విక్టోరియా స్టేషన్‌లో మిట్టమధ్యాహ్నం సిల్కు గౌన్లు, నల్ల సూట్లు వేసుకున్న వాళ్లు పిక్నిక్ బుట్టలతో రైలెక్కుతారు. గంటన్నర విరామంలో పచ్చికలో దుప్పటి పరిచి భోంచేస్తారు. డ్రెస్ కోడ్‌కి నేను విన్న వాదనల్లో నాకు నచ్చింది ఇదొక్కటే. ఇందులో పక్కవాడి కంటే గొప్పగా కనబడాలన్న ఆరాటం లేదు, పాడేవాళ్ల మీద గౌరవం ఉంది. కానీ మంచి బట్టలు కొనలేని వాడిని ఇది కూడా బయటే ఉంచుతుందని మరచిపోకూడదు.

ఇప్పటి పద్ధతులు ఈ పాత కథ మీదే నిలబడి ఉన్నాయి. మామూలు రాత్రుల్లో మెట్‌కైనా లండన్‌కైనా ఆఫీసుకి వేసుకెళ్లే శుభ్రమైన బట్టలు సరిపోతాయి. సీజన్ ప్రారంభం, గాలా రాత్రులు వేరు. వియన్నా ఒపెరా బాల్‌కి మాత్రం మగవాళ్లకి తోకకోటు, ఆడవాళ్లకి నేలను తాకే గౌను రూలే. బ్రిటిష్ మర్యాదలో జాతీయ దుస్తులు సాయంత్రపు సూట్‌తో సమానం. కంచిపట్టు చీరకి, షేర్వానీకి గ్లైండ్‌బోర్న్‌లో కూడా ఎవరినీ అడగక్కర్లేదు. ఎటొచ్చీ అక్కడి సాయంత్రం చలికి శాలువా ఉండాలి, పచ్చికలో హీల్స్ దిగబడతాయి.

భోజనానికి ముందు నిడివి చూసుకోవాలి. 'లా బోహెమ్' రెండున్నర మూడు గంటల్లో అయిపోతుంది, తర్వాత తినొచ్చు. వాగ్నర్ అయితే ఐదు గంటలు దాటొచ్చు, ముందే తిని వెళ్లడం మేలు. మెట్ లోపలి గ్రాండ్ టియర్ రెస్టారెంట్‌లో భోజనం ముందు కానిచ్చి, స్వీటు విరామంలో తెప్పించుకునే వీలుంది. ఆలస్యమైతే తలుపులు మూసేస్తారు, విరామం దాకా బయటే నిలబడాలి. వియన్నాలో ప్రదర్శన అయ్యాక అల్బెర్టీనా మ్యూజియం దగ్గరున్న సాసేజ్ బండి ముందు ఒక వరస కనబడుతుంది. పొడవాటి గౌన్లలో ఉన్నవాళ్లు, జీన్స్‌లో నిలబడి చూసిన విద్యార్థులు అక్కడే పక్కపక్కన నిలబడి, కాగితం ప్లేటులో ముక్కలు కోసిన సాసేజ్‌ని ఆవాల సాస్‌లో అద్దుకుని తింటారు.