ప్రైడ్ జెండా ఊరి జెండా ఎట్లయింది

తిరుపతిలో ఉండి ఈ వార్త చదివితే మొదట ఏమీ అర్థం కాదు. ఊరికొక జెండా అనే అలవాటే మనకి లేదు, మున్సిపల్ ఆఫీసు మీద ఎగిరేది మువ్వన్నెల జెండా ఒక్కటే. అమెరికాలో చాలా ఊర్లకి సొంత జెండా ఉంటాది, కౌన్సిల్ ఓటేస్తే మారతాది కూడా. 2025 మే 6న యూటా రాష్ట్రంలో సాల్ట్ లేక్ సిటీ, ఐడహో రాష్ట్రంలో బోయిసీ రెండూ ఒకే రోజు ప్రైడ్ జెండాని, అంటే స్వలింగ సంపర్కులు, ట్రాన్స్‌జెండర్లు తమదిగా చూసుకునే ఇంద్రధనుస్సు రంగుల జెండాని, అధికారిక జెండాల్లో కలుపుకున్నాయి.

దీనికి దారితీసింది అక్కడి రాష్ట్ర చట్టాలే. యూటా చట్టం ప్రకారం ప్రభుత్వ బిల్డింగుల మీద దేశం జెండా, రాష్ట్రం జెండా, ఊరి అధికారిక జెండా లాంటి కొన్ని తప్ప వేరేది ఎగరేస్తే రోజుకి 500 డాలర్ల ఫైన్, అది అమల్లోకి వచ్చేది మే 7న, అందుకని సాల్ట్ లేక్ మేయర్ ఎరిన్ మెండెన్‌హాల్ ముందురోజే ప్రైడ్ రంగుల మీద ఊరి జెండాలో ఉండే సెగో లిల్లీ పువ్వు పెట్టించి, ఇది కూడా మా ఊరి జెండానే అని కౌన్సిల్‌లో పాస్ చేయించింది. బోయిసీ వాళ్లు అట్లాంటి ఐడహో చట్టం వచ్చినాక కూడా ఎగరేసిన ప్రైడ్ జెండాని దించలేదు, రాష్ట్ర అటార్నీ జనరల్ హెచ్చరించినా దించలేదు, చివరికి 5-1 ఓట్లతో అధికారికం చేసేశారు.

ఆ జెండా పుట్టింది 1978లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో. గిల్బర్ట్ బేకర్ అనే కళాకారుడు, వాలంటీర్లు కలిసి చేత్తో రంగులద్ది కుట్టారు, అప్పుడు ఎనిమిది చారలు. అదే ఏడాది నవంబర్‌లో, స్వలింగ సంపర్కుణ్ణని బహిరంగంగా చెప్పుకుని ఆ ఊర్లో ఎన్నికైన నాయకుడు హార్వే మిల్క్‌ని కాల్చి చంపినాక జెండా కావాలని అడిగేవాళ్లు బాగా పెరిగారు, గులాబీ బట్ట దొరక్క ఆ చార పోయింది, తర్వాత ఇంకొకటి తగ్గి ఆరు మిగిలినాయి.

కోర్టు సంగతి కూడా తెలియాలి. బోస్టన్ సిటీ హాల్ ముందర 12 ఏళ్లలో 284 సార్లు అడిగినోళ్లకంతా జెండా ఎగరేసుకోనిచ్చి, 2017లో ఒకాయన క్రైస్తవ జెండా అడిగితే కాదన్నారు. 2022లో సుప్రీంకోర్టు 9-0తో బోస్టన్‌దే తప్పంది. చూడకుండా అందరికీ ఇచ్చినప్పుడు అది ప్రభుత్వం మాట కిందికి రాదు, కాబట్టి మతం చూసి ఒకరినే ఆపకూడదని. ఏది మా మాట అనేది ఊరే స్పష్టంగా చెప్పాల్సిన అవసరం దాంతో పెరిగింది. మిషిగన్ రాష్ట్రంలో హామ్‌ట్రామ్క్ అనే ఊరయితే 2023లో ఊరి స్థలాల్లో ప్రైడ్ జెండానే వద్దంది.

రేపు ఇంకో కౌన్సిల్ వచ్చి ఇంకో జెండా పెడితే ఏం చేస్తారనే వాదన కొట్టిపారేసేది కాదు. అయినా నా మటుకు బోయిసీ చేసింది కరెక్టే, ఎందుకంటే ఇంట్లో కూడా చెప్పుకోలేని పిల్లలు ఆ ఆఫీసు ముందర నడిచేటప్పుడు ఇది మాది కూడా అనుకోగలగాలి.

మన దగ్గర ఇట్లాంటి ప్రశ్న వస్తే జెండా నియమావళి ఉంది, జాతీయ జెండాకి పైనగానీ పక్కనగానీ వేరేది ఉండకూడదు. 2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లని మూడో జెండర్‌గా గుర్తించింది, 2018లో స్వలింగ సంబంధాలని నేరంగా చూసే 377 సెక్షన్ నుంచి పెద్దవాళ్ల ఇష్టపూర్వక సంబంధాలని తప్పించింది, మన రాష్ట్రంలో ట్రాన్స్‌జెండర్లకి నెలకి 4000 పింఛను కూడా ఉంది. ఏటా గంగమ్మ జాతరలో మగోళ్లు చీర కట్టి, పూలు పెట్టుకుని మొక్కు తీర్చుకుంటే ఊరంతా దణ్ణం పెడతాది, అదే ఊర్లో ఒక హిజ్రా ఇల్లు అద్దెకి అడిగితే తలుపేస్తారు. తిరుపతి కార్పొరేషన్‌ని నేను ముందు అడిగేది ఆ ఇంటి గురించే.