గురక ఆగిన క్షణం

వేసవి రాత్రి, చీమకుర్తిలో మా పిన్ని వాళ్ల డాబా. పక్క మంచం మీద ఆమె ఆరేళ్ల మనవడు మెడ వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని గురక పెడుతున్నాడు. “పగలంతా ఎగిరాడు, ఒళ్లెరగని నిద్ర” అంది పిన్ని మురిపెంగా. ఇంతలో గురక ఆగింది. పొట్ట ఎగసిపడుతోంది, గొంతు కింది గుంట లోపలికి పీక్కుపోతోంది, కానీ ముక్కు దగ్గర వేలు పెడితే గాలి తగలలేదు. తర్వాత ఒక్కసారిగా ఊపిరి లాగి, అటు తిరిగి పడుకున్నాడు. మెడంతా చెమట.

అది హాయి నిద్ర కాదు. ముక్కు వెనక, అంగిటికి పైన అడినాయిడ్స్ అనే కండ ఉంటుంది. నోరు తెరిచి చూస్తే టాన్సిల్స్ కనబడతాయి గానీ ఇది కనబడదు. రెండేళ్ల నుంచి ఏడేళ్ల లోపు ఇవి బాగా పెరుగుతాయి. వాటి చుట్టూ ఉన్న దారి మాత్రం ఇంకా చిన్నదే. గొట్టం వెడల్పు సగమైతే, గాలి నెమ్మదిగా సాగేటప్పుడు కూడా అడ్డు 16 రెట్లవుతుంది. పైగా నిద్రలో గొంతు కండరాలు సడలి, మిగిలిన సందు కూడా మూసుకుంటుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గగానే మెదడు ఉలిక్కిపడి దారి తెరిపిస్తుంది. పిల్లవాడికి మెలకువ వచ్చినట్టే తెలియదు.

పెద్దవాళ్లలో గంటకు 5 కంటే తక్కువసార్లు ఊపిరి ఆగితే సాధారణమే అంటారు. పిల్లల్లో ఒక్కసారి దాటినా పట్టించుకుంటారు. ఎదుగుదల హార్మోను ఎక్కువగా విడుదలయ్యేది గాఢ నిద్రలోనే, చెదిరేదీ ఆ నిద్రే. నిద్ర చాలని పెద్దలు తూగుతారు, పిల్లలు తరచుగా చిరాకుపడతారు, కుదురుగా కూర్చోరు. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుకావచ్చు. ఇలాంటి పిల్లవాడిని బడిలో “అల్లరివాడు” అని దండించడం నాకు అన్యాయంగా తోస్తుంది.

గురక పెట్టే ప్రతి బిడ్డకూ టాన్సిల్స్, అడినాయిడ్స్ తీసేసే ఆపరేషన్ అవసరం లేదు. 2013లో అమెరికాలో వెలువడిన అధ్యయనంలో ఇలా నిద్రలో ఊపిరి ఆగే 5 నుంచి 9 ఏళ్ల పిల్లలు 464 మంది ఉన్నారు. ఏడు నెలల తర్వాత ఆపరేషన్ అయినవారిలో 79 శాతం, వేచి చూసినవారిలో 46 శాతం మందికి, నిద్రలో ఊపిరి ఎన్నిసార్లు ఆగుతుందో లెక్కపెట్టే నిద్ర పరీక్ష మామూలుగా వచ్చింది. ఈలోగా దోమల కాయిల్ పొగ, బీడీ పొగ, క్వారీ ధూళి ముక్కు పొరను రేపకుండా చూడటం మన చేతిలో పని.

మెలకువగా ఉన్న బిడ్డను చూస్తే, నిద్రలో ఊపిరి ఆగడం డాక్టరుకు కనబడదు. అందుకే ఆ రాత్రి వాడి అమ్మ ఫోనులో రెండు నిమిషాలు వీడియో తీసింది. ఒంగోలులో చెవి, ముక్కు, గొంతు డాక్టరు ఊపిరి ఆగిన చోటికి వీడియోను వెనక్కి జరిపి, మళ్లీ చూశారు.