టవర్ ముద్ర ఉంటే అసలుదేనా? పాత చెకుముకి పిస్టళ్లు: అపోహలు - వాస్తవాలు

విజయవాడ, గుంటూరు వైపు పాత ఇళ్ల అటకల మీద, పాతసామాను కొట్లలో బయటపడే పిస్టళ్లకు బేరమంతా ముద్రల మీదే నడుస్తుంది. నకిలీ చేసేవాడు మొదట నేర్చుకునేదీ ఆ ముద్రలే.

అపోహ: లోపల మిగిలిన ఇన్నేళ్ల తుపాకి మందు ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది.

వాస్తవం: తడి తగలని నల్ల తుపాకి మందు వందేళ్ల తర్వాతా పేలుతుంది. మూతి మీ వైపు లేకుండా పట్టుకుని, సన్నటి చెక్కపుల్లను ఆనేదాకా దింపి, మూతి దగ్గర గుర్తు పెట్టండి. పుల్లను గొట్టం పక్కన ఆనించి చూస్తే దాని కొస రంజకపు రంధ్రం (నిప్పు లోపలి మందుకు చేరే చిన్న బెజ్జం) దాకా రావాలి. అంగుళం ముందే ఆగితే లోపల మందు, గుండు ఉన్నాయనే లెక్క. ఇక ముట్టుకోకుండా పోలీసులకు చెప్పండి.

అపోహ: "టవర్" (లండన్ టవర్ ఆయుధాగారం) అన్న అక్షరాలు, పక్కన 1790 అని ఉంటే ఇక అనుమానమే లేదు.

వాస్తవం: అనుమానం మొదలవ్వాల్సింది అక్కడే. బ్రిటిష్ సైన్యానికి చేసిన లాకుల (నిప్పురవ్వ పుట్టించే పక్క యంత్రం) మీద తయారీదారు పేరు, ఏడాది చెక్కడం 1764లోనే ఆపేశారు. ఆ తర్వాత చెకుముకి కాలమంతా వట్టి "టవర్" మాత్రమే. ఏడాది మళ్లీ కనిపించేది, చెకుముకి బదులు చిన్న మందు క్యాప్ మీద దెబ్బతో పేలే క్యాప్ తుపాకులు వచ్చాకే. కిరీటం కింద "జి.ఆర్." (జార్జ్ రెక్స్, అంటే జార్జ్ రాజు) కూడా పెద్ద సాక్ష్యం కాదు. 1714 నుంచి 1830 దాకా నలుగురు జార్జిలు ఏలారు.

ఈస్టిండియా కంపెనీ పిస్టళ్ల లెక్క వేరు. వాటి మీద పేరు, ఏడాది 1764 తర్వాతా ఉంటాయి, వాటితోపాటు నాలుగు భాగాలు చేసిన హృదయాకారం, దాని పైన 4 అంకె. 1808 నుంచి ఆ చోట కిరీటం పట్టుకుని నిలబడ్డ సింహం వచ్చింది. గుంటూరు సర్కారు కంపెనీ చేతికి వచ్చింది 1788లో. "ఆనాటిదే" అని చూపించే పిస్టల్ మీద సింహం ఉంటే ఆ మాట నిలబడదు. అలాగే తుపాకీ గొట్టాలను పరీక్షించి ముద్ర వేసే బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ పుట్టింది 1813లో. దాని ముద్ర ఉన్న గొట్టం టిప్పు కాలానిది కాలేదు.

అపోహ: ఒళ్లంతా గోధుమరంగు, గుంతల తుప్పు వయసుకు గుర్తు.

వాస్తవం: ఆ కాలపు సైనిక పిస్టళ్ల గొట్టాలు మెరుగుపెట్టి తెల్లగా ఉండేవి. మందు మసి తేమను పీలుస్తుంది కాబట్టి నిజంగా వాడిన పిస్టల్‌లో రంజకపు రంధ్రం చుట్టూ తుప్పు ఎక్కువ తిని ఉంటుంది, దూరం పోయేకొద్దీ తగ్గుతుంది. ఆసిడ్ పోసినదాంట్లో అంతటా ఒకే లోతు గుంతలు, చెక్క కింద దాగిన చోట కూడా. భూతద్దంలో ముద్ర అంచు చూడండి. తుప్పు మీద తర్వాత కొట్టిన ముద్రకు అంచున లోహం ఉబ్బి, కొత్త మెరుపు ఉంటుంది. పోత పోసిన ముద్ర అయితే అంచులు మొద్దుబారి, అడుగున ఇసుకపొక్కులు ఉంటాయి.

అపోహ: విప్పితే విలువ పోతుంది.

వాస్తవం: మొరటుగా విప్పితేనే. కోడిని (చెకుముకి రాయిని పట్టుకునే సుత్తిని) సగం ఎక్కించి, పక్క స్క్రూలు రెండూ నాలుగైదు చుట్లు వదులు చేసి, వాటి తలల మీద స్క్రూడ్రైవర్ చెక్కపిడితో మెల్లగా తడితే లాక్ తనంతట బయటికి వస్తుంది. అంచున మొన పెట్టి ఎత్తితే చెక్క చీలుతుంది. లోపల చెక్కలో ఉలి దెబ్బలు, నూనె పీల్చిన నలుపు ఉండాలి. మిషన్ తవ్విన గుండ్రటి మూలలు, శీశం కర్ర ఉంటే కొత్తదే. స్క్రూలను ఒకదాని చోట ఇంకోటి బిగించి చూడండి. చేత్తో మరలు కోసినవి సరిగ్గా పట్టవు. గొట్టం కొలవండి: బ్రిటిష్ సైన్యపు న్యూ లాండ్ నమూనాకు పొడవు 9 అంగుళాలు, లోపలి వ్యాసం 0.65 అంగుళం, అంటే 16.5 మి.మీ. గొట్టం వెనక మరతో బిగించిన దిమ్మె బదులు వెల్డింగ్ మచ్చ ఉంటే ఇక చూడక్కర్లేదు, నకిలీదే.

అపోహ: అయస్కాంతం పట్టింది కాబట్టి అసలు ఇనుమే.

వాస్తవం: నిన్నటి ఇనుప పైపునూ పడుతుంది. ఇత్తడి మడమకు (పిడి చివరి తొడుగుకు) పడితే మాత్రం అది ఇనుము మీద పూతే.

అపోహ: చింతపండుతో తోమితే ధర పెరుగుతుంది.

వాస్తవం: ఇత్తడి మీది రెజిమెంటు అక్షరాలు, తోమిన ప్రతిసారీ అరుగుతాయి. దయచేసి ఆ పని చేయకండి. నువ్వుల నూనె కూడా వద్దు, ఎండి జిగురు కడుతుంది. కృష్ణ ఒడ్డు ఉక్కలో ఇనుముకు పలచగా కుట్టుమిషన్ నూనె చాలు.

అపోహ: పాతది కాబట్టి లైసెన్సు అక్కర్లేదు.

వాస్తవం: 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ మినహాయింపు, బాగుచేసినా పేలని ఆయుధానికే. వందేళ్లు దాటితే 1972 పురావస్తువుల చట్టం కూడా వర్తిస్తుంది. సొంతంగా విదేశాలకు పంపడం నేరం. కొనకముందే లైసెన్సు విభాగం నుంచి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.