నిద్రించినవారు ఎక్కడ ఉన్నారు? ఆత్మ గురించిన పాత తగవు

నవంబరు 2న, సమాధుల పండుగనాడు, కడపలోని క్రైస్తవ శ్మశానవాటికకు వెళితే సున్నం కొట్టి పూలు పరిచిన సమాధుల పలకల మీద ‘ప్రభువునందు నిద్రించెను’ అన్న మాట తరచు కనిపిస్తుంది. పక్కనే ప్రార్థన చేసే పాస్టరుగారు మాత్రం, పోయినవారు ఇప్పటికే ప్రభువు సన్నిధిలో ఆనందిస్తున్నారని ఓదారుస్తారు. నిద్రించినవారు ఆనందించడమెలా? రెండు మాటలూ పౌలువే: థెస్సలొనీకయులకు రాస్తూ ‘నిద్రించుచున్నవారు’ అన్నాడు, ఫిలిప్పీయులకు రాస్తూ వెడలిపోయి క్రీస్తుతో ఉండాలని ఆశపడ్డాడు.

చిక్కు మాటలోనే మొదలవుతుంది. ఆదికాండము 2:7లో దేవుడు జీవవాయువును ఊదగా నరుడు ‘జీవాత్మ ఆయెను’ అని ఉంది. అక్కడి హీబ్రూ మాట నెఫెష్ జంతువులకూ వాడినదే, అది దేహంలో దాగిన వేరొక వస్తువు కాదు. గ్రీకులో దానికి సమానంగా వాడిన ‘ప్సుఖే’ మన బైబిలులో మత్తయి 10:28లో ‘ఆత్మ’ అయింది, 1 థెస్సలొనీకయులు 5:23లో ‘జీవము’ అయింది. పైగా పోతులూరి వీరబ్రహ్మంగారి తత్వాలు పాడుకునే ఈ గడ్డ మీద ‘ఆత్మ’ అనగానే పుట్టుకలేనిదనే అర్థం స్ఫురిస్తుంది. క్రైస్తవం ఆ అర్థాన్ని ఒప్పుకోదు. ఆత్మలు దేహాలకు ముందే ఉన్నాయన్న తొలినాటి వేదాంతి ఓరిగెను అభిప్రాయాన్ని ఆరవ శతాబ్దంలో సంఘం తోసిపుచ్చింది. ఆత్మ సృష్టింపబడినదే, కానీ చావులేనిదని గ్రీకు తత్వవేత్త ప్లేటో ప్రభావంలో పెరిగిన అగస్టీను వంటి వేదాంతులు నేర్పారు. తల్లిదండ్రుల నుంచి వస్తుందా, దేవుడు ప్రతిసారీ కొత్తగా చేస్తాడా అన్నది మాత్రం అగస్టీనంతటి పండితుడూ తేల్చుకోలేకపోయాడు.

పదమూడో శతాబ్దపు వేదాంతి థామస్ అక్వినాసు ఆత్మను దేహానికి రూపమిచ్చేదిగా చూశాడు. దేహం విడిచిన ఆత్మ ఇంకా పూర్తి మనిషి కాదన్నది ఆయన వాదం, ‘నా ఆత్మ నేను కాదు’ అని కూడా రాశాడు. అసలు తగవు 1331లో పెద్దదయింది. నీతిమంతుల ఆత్మలు సైతం తుది తీర్పు దాకా దేవుణ్ణి ముఖాముఖి చూడవని పోపు ఇరవై రెండవ యోహాను బోధించగా వేదాంతులు తిరగబడ్డారు, చివరకు ఆయన 1334లో మరణశయ్య మీద ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. (పోపుకే ఇంత తడబాటు ఉంటే సమాధి పలక చెక్కించినవారిని తప్పుపట్టలేం.) తరువాతి పోపు పన్నెండవ బెనెడిక్టు 1336లో, శుద్ధి అవసరం లేని ఆత్మలు వెంటనే దేవుణ్ణి చూస్తాయని తేల్చాడు. శుద్ధి అవసరమైనవారి కోసమే కడపలోని మరియాపురం వంటి క్యాథలిక్ విచారణలలో (స్థానిక సంఘాలలో) నేటికీ పూజలు జరుగుతాయి. ఆ స్థితినే ‘ఉత్తరించు స్థలము’ అంటారు.

పదహారవ శతాబ్దపు ప్రొటెస్టంటు సంస్కరణవాదులు ఆ స్థలాన్ని కొట్టివేశారు గానీ నిద్ర విషయంలో ఏకం కాలేదు. లూథరు మరణాన్ని నిద్రగా చెప్పడానికి మొగ్గగా, కాల్విను 1534లోనే ఆత్మ నిద్రించదని ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశాడు. 1822లో కడపకు వచ్చిన లండన్ మిషను కాల్విను దారి సంఘాలదే, ఆ మిషను స్థాపించిన సంఘాలు 1947లో సి.ఎస్.ఐ.లో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో) కలిశాయి, పాస్టరుగారి ఓదార్పుకు మూలం అక్కడుంది. చనిపోయినవారికి పునరుత్థానం దాకా ఏ స్పృహా ఉండదనే అడ్వెంటిస్టులు మాత్రం పలక మీది మాటను ఉన్నదున్నట్టే తీసుకుంటారు. క్యాథలిక్కులూ సి.ఎస్.ఐ.వారూ కలిసి చెప్పే అపొస్తలుల విశ్వాస ప్రమాణంలో ఆత్మ అమరత్వం ప్రస్తావనే లేదు, ఉన్నది ‘శరీర పునరుత్థానము’.