వెండి మీద నలుపు మురికి కాదు, అది కూడా వెండే

వెండి గొలుసు నల్లబడగానే చాలామంది టూత్‌పేస్ట్ పెట్టి బ్రష్‌తో గట్టిగా రుద్దేస్తారు, నిమిషంలో తళతళలాడుతుంది కాబట్టి పని అయిపోయింది అనిపిస్తుంది, కానీ ఆ నురగ ఒకసారి చూడండి, బూడిద రంగులో ఉంటుంది కదా, అందులో కొట్టుకుపోతున్నది మీ వెండే.

ఆ నలుపు ఆక్సిజన్ వల్ల పట్టిన తుప్పు అనుకుంటారు గానీ, మామూలు గాలిలో ఆక్సిజన్ ఒక్కటే వెండిని పెద్దగా ఏమీ చేయదు. అసలు పని గంధకానిది. గాలిలో చాలా కొద్దిగా ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ (కుళ్లిన గుడ్డు వాసన దీనిదే) వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అవుతుంది, పొర పల్చగా ఉన్నప్పుడు లేత పసుపు, తర్వాత గోధుమ రంగు, ఒక్కోసారి నీలం ఛాయ, ముదిరితే నలుపు. తేమ ఉంటే ఇంకా తొందరగా పడుతుంది. రబ్బరులో, ఉన్నిలో కూడా గంధకం ఉంటుంది, అందుకే వెండి వస్తువుకి రబ్బర్ బ్యాండ్ చుట్టి దాస్తే సరిగ్గా అక్కడే నల్లటి గీత పడుతుంది.

ఇంకో సంగతి, ఆ నల్లటి పొర బరువులో దాదాపు 87 శాతం వెండే. అంటే రుద్దిన ప్రతిసారీ వెండిని గీరి పారేస్తున్నట్టే, సన్నటి నగిషీ అరిగిపోయేది ఇలాగే, ఒకసారి అరిగితే ఆ గీతలు మళ్లీ రావు.

మరి ఏం చేయాలి? గాజు గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, వెండి దానికి తగిలేలా పెట్టి, బాగా వేడి నీళ్లు పోసి ఒక చెంచా బేకింగ్ సోడా కలపండి. గంధకానికి వెండి కంటే అల్యూమినియం అంటే ఎక్కువ ఇష్టం, సోడా నీళ్లు ఫాయిల్ మీది ఆక్సైడ్ పొరని కరిగించి దారి ఇస్తాయి, గిన్నెలోనే చిన్న బ్యాటరీ తయారైనట్టు ఎలక్ట్రాన్లు అల్యూమినియం నుంచి వెండికి వెళ్తాయి, గంధకం వదిలిపోతుంది, వెండి ఉన్నచోటే మళ్లీ వెండిగా మిగిలిపోతుంది. కొంచెం గుడ్డు వాసన వస్తే కంగారు పడకండి, వదిలిపోతున్న గంధకం అదే. తర్వాత కడిగి, మెత్తటి బట్టతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. నాకైతే ఇంట్లో చేసే పనుల్లో ఇంత అందమైన కెమిస్ట్రీ ఇంకోటి కనపడలేదు. కాకపోతే డిజైన్ కోసం కావాలని నలుపు వేసిన ఆక్సిడైజ్డ్ వెండిని, రాళ్లు ముత్యాలు ఉన్నవాటిని ఇందులో వేయకండి, ఆ నలుపు పోతే డిజైనే పోతుంది.

బంగారం కథ వేరే. స్వచ్ఛమైన బంగారం గాలితో గానీ గంధకంతో గానీ కలవదు, 22 క్యారెట్లలో సుమారు 91.6 శాతం, 18 క్యారెట్లలో 75 శాతం బంగారం, మిగతాది ఎక్కువగా రాగి, వెండి, రంగు మారితే వాటివల్లే మారుతుంది. మామూలుగా మసకబారేది మాత్రం ఒంటి జిడ్డు, సబ్బు, క్రీముల వల్ల, కాబట్టి గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల డిష్‌వాష్ లిక్విడ్ వేసి పావుగంట నానబెట్టి పిల్లల మెత్తటి బ్రష్‌తో తోమితే చాలు. వజ్రాలకైతే జిడ్డు ఇట్టే అంటుకుంటుంది, గనుల్లో గ్రీజు పూసిన బల్లల మీద పొడి చేసిన రాయిని నీళ్లతో పారించి వజ్రాలని వేరుచేసింది కూడా ఈ గుణంతోనే, అందుకే ఉంగరం కొద్దిరోజులకే డల్ అయిపోతుంది, రాయి వెనకవైపు కూడా తోమాలి.

బ్లీచ్ మాత్రం దగ్గరికి రానివ్వకండి, అందులోని క్లోరిన్ బంగారంలో కలిపిన లోహాలని తినేస్తుంది, రాయిని పట్టుకునే సన్నటి కొక్కేలు పెళుసై విరిగిపోవచ్చు. పగిలిన థర్మామీటర్ పాదరసం ఎత్తేటప్పుడు ఉంగరం తీసేయాలి, తగిలిందంటే బంగారం తెల్లబడిపోతుంది. ముత్యాలు ఎక్కువగా కాల్షియం కార్బొనేట్, వెనిగర్‌కి కరుగుతాయి, వాటిని తడిబట్టతో తుడవడమే, అదీ సెంటు కొట్టుకుని ఆరాక వేసుకుని, తీయగానే తుడిచి పెట్టేస్తే ఏళ్ల తరబడి నిగనిగలాడతాయి.