గూడెం, తండా, మధ్యలో ఒక జాబితా

సోమవారం ఇంద్రవెల్లి అంగడికి వెళ్లి కాసేపు నిలబడితే చాలు, ఆదిలాబాద్ ఏజెన్సీ ఎంతమంది మనుషులదో చెవులకే తెలిసిపోతుంది. ఒక వరుసలో గోండి, పక్కన కొలామీ, ఉల్లిగడ్డల దగ్గర మరాఠీ, పశువుల బేరంలో లంబాడాల గోర్ బోలీ, కిరాణా కొట్టులో ఉర్దూ, తెలుగు. నీళ్లు కావాలంటే గోండు అవ్వ 'ఏర్' అంటుంది. మన 'ఏరు'కు అది తోబుట్టువు. తండా నుంచి వచ్చిన అమ్మ 'పాణి' అంటుంది. ఇద్దరూ ఒకే చెట్టు నీడన కూర్చుని అమ్ముకుంటారు.

ఇదే ఉట్నూరు, ఇంద్రవెల్లి, నార్నూరు ప్రాంతంలో 2017 చివర్లో గూడేలకు, తండాలకు మధ్య మాటలు ఆగిపోయాయి. లంబాడాలను ఎస్టీ జాబితా నుంచి తీసేయాలని ఆదివాసీ హక్కుల సంఘం తుడుందెబ్బ ఉద్యమం లేచింది. లంబాడా టీచర్లు మా బడులకు రావద్దని కొన్ని గూడేలు తీర్మానం చేశాయి. డిసెంబర్‌లో ఉట్నూరులో గొడవలు జరిగాయి, పోలీసు బలగాలు దిగాయి. దూరం నుంచి చూసేవాళ్లకు ఇది తరాల నాటి జాతి వైరంలా కనిపిస్తుంది. నిజానికి ఈ తగువు వయసు యాభై ఏళ్లకు అటూ ఇటూ. అది ఎలా పుట్టిందో తెలియకుండా ఎవరో ఒకరి పక్షాన మాట్లాడటం రెండు వైపులా అన్యాయమే అవుతుందని నా నమ్మకం.

ముందు మనుషుల గురించి చెప్పాలి. ఈ కొండల్లో సంఖ్యలో పెద్దవాళ్లు రాజ్‌గోండులు. తమను తాము కోయ్‌తూర్ అనుకుంటారు. ఉట్నూరు కోట వాళ్ల రాజుల కాలం నాటి గుర్తు. కొలిచే దేవతల సంఖ్యను బట్టి నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలుగా, అంటే వంశ విభాగాలుగా ఉంటారు. పెళ్లి సంబంధం కలవాలంటే మొదట చూసేది అదే. కొలాములది వేరే భాష, వేరే గూడెం. అయినా ఆ నేల దేవతల పూజకు గోండులు కొలాం పూజారినే పిలుస్తారు. పర్ధాన్లు గోండుల వంశ కథలను కిక్రి అనే తీగ వాద్యం వాయిస్తూ పాడతారు. ఇంట్లో మాట్లాడేది మరాఠీ, కథ పాడేది గోండిలో. తోటీలదీ అదే వృత్తి, ఇప్పుడు కొన్ని వేలమందే మిగిలారు. నాయక్‌పోడ్‌లలో ఎక్కువమంది ఇంటి భాష తెలుగు. ఆంధ్‌లది మరాఠీ.

అంటే 'ఆదివాసీ' అని ఒక్క మాటలో మనం కట్టే మూటలోనే ఇన్ని భాషలున్నాయి. ఇవన్నీ ఒకరి కథ ఒకరు పాడుతూ, ఒకరి దేవుడికి ఒకరు పూజ చేస్తూ అల్లుకున్న బంధాలు. కేస్లాపూర్ నాగోబా జాతరలో ఇది కళ్లారా కనిపిస్తుంది. పుష్య అమావాస్యకు మెస్రం వంశం వాళ్లు గోదావరి నీళ్లు కాలినడకన తెచ్చి పూజ చేస్తారు. వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లను భేటింగ్ పేరుతో దేవుడికి పరిచయం చేస్తారు. నార్నూరు మండలం గుంజాలలో దొరికిన పాత రాతప్రతుల్లో గోండికి సొంత లిపి కూడా ఉంది. 2018లో దానికి యూనికోడ్‌లో చోటు దక్కింది. వీళ్లకు రాత లేదు, చరిత్ర లేదు అని ఇన్నాళ్లు అనుకున్నవాళ్లు ఆ ఊరికి ఒకసారి వెళ్లి చూడాలి.

వీళ్ల భూమి పోవడం లంబాడాలతో మొదలు కాలేదు. నిజాం ప్రభుత్వం అడవిని రిజర్వు చేసి సరిహద్దులు గీసినప్పుడే, తరాలుగా పోడు చేసుకున్న నేల మీద గోండులు, కొలాములు దొంగలయ్యారు. బయటి నుంచి వచ్చిన షావుకార్లు, రైతులు పట్టాలు రాయించుకున్నారు. జల్, జంగల్, జమీన్ అంటూ కుమ్రం భీం తిరగబడింది దాని మీదే. 1940లో జోడేఘాట్‌లో ఆయన్ను కాల్చి చంపాక నిజాం సర్కారుకు అనుమానం వచ్చింది, ఈ మనుషులు ఇంత తెగించడానికి కారణమేమిటని. దాన్ని తెలుసుకునే పని ఆస్ట్రియా నుంచి వచ్చి యుద్ధం వల్ల హైదరాబాద్ రాజ్యంలోనే ఉండిపోయిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు అప్పగించారు. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మర్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. అక్కడే గోండి వచ్చిన టీచర్లకు శిక్షణ మొదలైంది. ఆయన సిఫారసులతో గోండులకు, కొలాములకు వేల ఎకరాల సర్కారు భూమికి లావణి పట్టాలు వచ్చాయి. 1946లో గిరిజన ప్రాంతాల రక్షణకు చట్టం వచ్చింది. బెట్టీ సమాధి మర్లవాయిలోనే ఉంది. ఊరు ఇప్పటికీ ఆమెను తలుచుకుంటుంది.

ఇక తండాల కథ. అది కూడా గాయాల కథే, ఆ మాట ఆదివాసీల పక్షాన నిలబడేవాళ్లు తరచూ మరిచిపోతారు. లంబాడాలు ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోస్తూ దక్కనుకు వచ్చిన సంచార వర్తకులు. మొగలు సైన్యాలకు, నిజాం సైన్యాలకు, ఇంగ్లీషు సైన్యాలకు తిండి అందించింది వీళ్ల ఎద్దులే. రైలు రావడంతో ఆ బతుకు కూలిపోయింది. ఆపై చాలా ప్రాంతాల్లో వీళ్ల మీద నేరస్త జాతి అనే ముద్ర పడింది. ఎక్కడ కాస్త నేల దొరికితే అక్కడ తండా వేసుకుని సేద్యంలో దిగారు. హైమన్‌డార్ఫ్ వచ్చే నాటికే ఉట్నూరు ప్రాంతంలో కొన్ని తండాలు ఉన్నాయి.

అసలు చిక్కు జాబితాలో పడింది. ఆంధ్ర, రాయలసీమ ప్రాంతాల్లో సుగాలీలు (లంబాడాలకు అక్కడి పేరు) 1950లలోనే ఎస్టీలయ్యారు. తెలంగాణలో ఉన్న వాళ్ల బంధువులు మాత్రం కాలేదు. ఒకే రాష్ట్రం, ఒకే భాష, ఒకే తీజ్ పండుగ, రెండు హోదాలు. ఇది అన్యాయమేనని ఎవరైనా ఒప్పుకోవాలి. 1976లో పార్లమెంటు ప్రాంతాల హద్దు తీసేసింది. 1977 జులై నుంచి తెలంగాణ లంబాడాలూ ఎస్టీలయ్యారు. కానీ పెన్‌గంగ అవతల, మహారాష్ట్రలో బంజారాలని పిలిచే వీళ్లు నేటికీ ఎస్టీలు కారు, నేరస్త ముద్ర తీసేసిన విముక్త జాతి. కర్ణాటకలో వాళ్లు ఎస్సీలు. అక్కాచెల్లెళ్లు మూడు రాష్ట్రాల్లో కోడళ్లయితే, వాళ్ల పిల్లల సర్టిఫికెట్లు మూడు రకాలు.

ఇప్పుడు దీని పక్కన భూమి చట్టాన్ని పెట్టి చూడండి. 1970 నాటి 1/70 భూ బదలాయింపు చట్టం ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనుల చేతుల్లోకి తప్ప మరెవరికీ పోకూడదు. గోండును షావుకారు నుంచి కాపాడటానికి చేసిన చట్టమది. 1977 తర్వాత లంబాడా రైతు కూడా ఆ చట్టం కళ్లలో గిరిజనుడే. కొనొచ్చు, కౌలుకు తీసుకోవచ్చు. అదే కాలంలో కొండల్లోకి రోడ్లు వచ్చాయి, జొన్న చేలలోకి పత్తి వచ్చింది. 1972 కరువు దెబ్బకు మహారాష్ట్ర ఊళ్లు విలవిల్లాడాయి. ఆ దశకంలో పెన్‌గంగ దాటి వచ్చినవాళ్లలో లంబాడాలే కాదు, దళితులు, గొర్రెలు కాసుకునేవాళ్లు కూడా ఉన్నారు. అంగట్లో బేరం తెలిసిన, అప్పు తీర్చే దారి తెలిసిన మనిషికీ, పంట చేతికి రాకముందే షావుకారుకు రాసిచ్చే మనిషికీ మధ్య పోటీ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. 1970ల చివర తిరిగి వచ్చిన హైమన్‌డార్ఫ్, తాను పట్టాలు ఇప్పించిన ఊళ్లలోనే గోండులు కూలీలుగా మారడం చూసి బాధపడ్డాడు. కొత్త హోదా వల్ల గోండులు నష్టపోతారని కూడా రాశాడు.

ఆ కడుపుమంట 1981 ఏప్రిల్ 20న బయటపడింది. అది కూడా సోమవారమే, ఇంద్రవెల్లి అంగడి రోజే. గిరిజన రైతు కూలీ సంఘం సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్క 13 మంది. గూడేలు చెప్పే లెక్క అరవైకి పైనే. ఆ రోజు వాళ్లు అడిగింది ఎవరినో జాబితా నుంచి తీసేయమని కాదు, పోయిన భూమి తిరిగి ఇవ్వమని. ఆ డిమాండు ఈ రోజుకీ తీరలేదు. తీరి ఉంటే 2017 వచ్చేది కాదని నేను గట్టిగా అనుకుంటున్నాను.

వాదనల్లో ఎక్కువగా వినిపించే అంకె ఒకటుంది. 1971లో ఉమ్మడి రాష్ట్రంలో ఎస్టీలుగా లెక్కకు వచ్చిన సుగాలీ, లంబాడాలు సుమారు 1.32 లక్షలు. 1981కి 11.5 లక్షలు దాటారు. ఇంతమందీ వలస వచ్చారని కొందరు చెబుతారు. అది పొరపాటు. 1971 లెక్కలో తెలంగాణ తండాలు ఎస్టీ వరుసలోనే లేవు. ఉన్న మనుషులు కొత్త గడిలోకి మారితే పెరిగిన అంకె అది, వలస అందులో ఒక భాగం మాత్రమే. అయితే గోండుల భయం కూడా ఉత్తది కాదు. 2011 లెక్కల్లో నేటి తెలంగాణలోని 32 లక్షల ఎస్టీల్లో లంబాడాలు 20 లక్షలకు పైనే. గోండులు 3 లక్షల లోపు. కొలాం, తోటి పిల్లలు హాస్టల్ సీటుకు, టీచర్ ఉద్యోగానికి ఆ 20 లక్షలతో ఒకే వరుసలో నిలబడాలి. 2022లో రిజర్వేషన్ 6 శాతం నుంచి 10 శాతానికి పెరిగింది. వరుస మాత్రం అదే.

జాబితాను మార్చే అధికారం పార్లమెంటుది. ఉట్నూరులో దాన్ని ఎవరూ తేల్చలేరు. అందుకే ఊళ్లలో తగువు ఇంకో రూపంలో, తహసీల్దార్ ఆఫీసు కిటికీ దగ్గర నడుస్తోంది. ఒక రాష్ట్రంలోని హోదా వలస వెళ్లినవాడి వెంట ఇంకో రాష్ట్రానికి రాదని 1990లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వేసిందీ ఆంధ్రలో పుట్టి మహారాష్ట్రకు వెళ్లిన ఒక విద్యార్థే. దాంతో సర్టిఫికెట్ అడిగిన తండా పిల్లవాడికి మొదట ఎదురయ్యే ప్రశ్న: మీ తాత ఎప్పుడు వచ్చాడు? టెన్షన్‌తో ఇంటిల్లిపాదీ 1954-55 నాటి భూమి రికార్డు ఖాస్రా పహాణీలో తాత పేరు వెతుకుతారు. కొందరికి దొరుకుతుంది. ఏ కాగితంలోనూ తాత పేరు లేని ఇళ్లు తండాలో ఉన్నాయి, కొండ మారినప్పుడల్లా చేను మార్చుకున్న పక్క కొలాంగూడలోనూ ఉన్నాయి.